మాయాబజార్ ఇప్పుడు తీస్తే శశిరేఖకి ప్రియదర్శిని పేటిక ఎందుకు?

నేలటిక్కెట్టు
శనివారం రాత్రి 9:40

మా అమ్మకి రాత్రిళ్ళు నిద్ర పట్టదు, పాత సినిమా ఏదో ఒకటి పెట్టమంటుంది. నిన్న 'మిస్సమ్మ' పెట్టాను. ఎన్టీఆర్, సావిత్రి మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి అప్పాపురం జమీందారు బడిలో పంతులూ పంతులమ్మగా చేరతారు చూడండి, అక్కడికి రాగానే ఇంటర్ చదివే మావాడు "ఆధార్ అడిగితే అయిపోయేది కదా నాన్నా, సినిమా మొత్తం అరగంటే" అన్నాడు. మా అమ్మ "చూస్తే చూడు, లేకపోతే లేచిపో" అంది. వాడు లేచిపోయాడు. నేను మాత్రం పడుకున్నాక కూడా అదే ఆలోచిస్తూ ఉన్నాను. వాడన్నది నిజమే కదా. 1955లో ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఒక ఊళ్ళో దిగి మేం ఫలానా అంటే ఊరంతా నమ్మింది.

మీకు బాగా ఇష్టమైన పాత సినిమా ఒకటి తీసుకోండి. కథ మార్చకుండా ఇవాళ్టి రోజుల్లోకి తెచ్చి పెట్టండి. ఎక్కడ బెడిసికొడుతుందో, ఎక్కడ ఇంకా బాగా కుదురుతుందో రాయండి. ఒక్కటే మనవి, ఏ వేషం ఎవరు వేయాలన్న గొడవ ఎత్తొద్దు. పోయినసారి ఏమైందో అందరికీ గుర్తుండే ఉంటుంది.

బెజవాడ బాబ్జీ
9:52

కృష్ణుడి వేషానికి ఇప్పుడున్నవాళ్ళలో మా హీరో తప్ప ఇంకెవరున్నారో చెప్పండి చూద్దాం

నేలటిక్కెట్టు
9:53

బాబ్జీ, నీకు దణ్ణం పెడతాను.

అద్దెకొంప
10:20

అన్నా, మీ అబ్బాయి ఆధార్ దగ్గర ఆగిపోయాడు గానీ మిస్సమ్మ ఇవాళే ఇంకా బాగా కుదురుతుంది. బడి తీసేసి అద్దె ఇల్లు పెట్టండి చాలు.

నా సంగతే చెప్తా. హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన కొత్తలో నేనూ నా ఫ్రెండూ కూకట్‌పల్లిలో మూడు వారాలు తిరిగాం. ఏ గేటు చూసినా 'టు లెట్' అని పెద్ద అక్షరాలు, కింద పెన్నుతో 'ఓన్లీ ఫ్యామిలీస్'. ఒకాయన ఇల్లంతా చూపించాడు, మోటార్ స్విచ్ ఎక్కడో, చెత్త బండి ఎన్నింటికి వస్తుందో కూడా చెప్పాడు, చివర్లో "మీ వారెక్కడ చేస్తారమ్మా" అన్నాడు. పెళ్ళి కాలేదనగానే ఇల్లు ఖాళీ లేకుండా పోయింది. అప్పుడే చూశానా ఖాళీ గదులన్నీ! ఆ రోజు సాయంత్రం మా ఆఫీసులో ఒకబ్బాయి, వాడికీ ఇదే బాధ, "మనిద్దరం మొగుడూ పెళ్ళాలమని చెప్పేద్దామా" అన్నాడు. జోకే. కానీ రెండు నిమిషాలు సీరియస్‌గా ఆలోచించాం, పెళ్ళి ఫొటో అడిగితే ఏం చేయాలన్న దాకా వెళ్ళింది.

అదే కదా మిస్సమ్మ. ఆ సినిమాలో జమీందారుకి భార్యాభర్తలైన పట్టభద్రులే కావాలి, వీళ్ళకి ఉద్యోగం కావాలి, మేరీ నెత్తిన డేవిడ్ అప్పు. అవసరం అదే, అబద్ధం అదే. ఆధార్‌లో ఇంటిపేర్లు వేరుగా ఉంటే "పెళ్ళయ్యాక మార్చలేదండీ" అంటే సరిపోతుంది, నిజంగా పెళ్ళయినవాళ్ళలో సగం మంది మార్చట్లేదు.

నాకు అనుమానం ఉన్నది క్లైమాక్స్ మీదే. మేరీ చివరికి చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని పుట్టుమచ్చని బట్టి తేలుతుంది, అందరూ హ్యాపీ. ఇవాళ అలా తీస్తే? ఆ అమ్మాయి క్రిస్టియన్‌గానే ఉండి అతన్ని చేసుకుంటే ఏమయ్యేది, ఆ ప్రశ్న తప్పించుకోవడానికే పుట్టుమచ్చ పెట్టారు అని ఒక బ్యాచ్, అసలు ఆ విషయం ఎత్తడమే తప్పు అని ఇంకో బ్యాచ్. విడుదల రోజు మధ్యాహ్నానికి సినిమా సంగతి వదిలేసి అందరూ దీని మీదే కొట్టుకుంటారు.

రీలుపెట్టె
10:47

అమ్మాయ్, పుట్టుమచ్చ తప్పించుకోవడమేనన్నావు, కావచ్చు. కానీ ఆ సినిమాలో మేరీ మతాన్ని ఎక్కడా వెటకారం చేయలేదు, అదీ చూడు. చక్రపాణి గారి పెన్ను అలాంటిది. అసలు ఆ వేషం భానుమతి గారిది, కొంత షూటింగ్ కూడా అయ్యాక చక్రపాణి గారితో మాట తేడా వచ్చి ఆవిడ తప్పుకుంటే రెండో వేషానికి అనుకున్న సావిత్రిని ముందుకు తెచ్చారు. ఇవాళైతే ఆ మాట తేడా వచ్చిన సాయంత్రానికే మన ఫోన్లలో ఉండేది, సినిమా వచ్చేలోపు ఇద్దరి అభిమానులూ చెరో వైపు చేరి ఉండేవాళ్ళు.

నేను కుర్రతనంలో తెనాలి దగ్గర ఒక టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్‌గా చేశాను. ఒక్కటే ప్రొజెక్టర్. కార్బన్ కడ్డీలు కాలిపోతూ ఉంటే చేత్తో దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరితే తెర ఎర్రబడి గోల మొదలయ్యేది. ఏటా వేసవిలో 'మాయాబజార్' వచ్చేది. 'వివాహ భోజనంబు' అవగానే వన్స్‌మోర్ అని బెంచీలు విరగ్గొట్టేవాళ్ళు, రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేస్తే గానీ కథ కదలనిచ్చేవాళ్ళు కాదు. దాంతో ప్రింటు మొత్తంలో ఆ ఒక్క రీలే ముందు అరిగేది. గీతలు పడి పడి, ఘటోత్కచుడు లడ్డూలు తింటుంటే బయట వాన కురుస్తున్నట్టుండేది. ఇవాళ సినిమా అరగదు బాబూ. ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది, అందుకేనేమో రెండోసారి ఎవరూ చూడట్లేదు.

గ్రీన్‌మ్యాట్
11:05

తాతగారూ, ఆ లడ్డూల దగ్గరికే వస్తున్నా. నేను హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్ పని చేస్తాను, మా ఆఫీసులో కొత్తవాళ్ళకి మేం చూపించే మొదటి పాటే అది.

ఇవాళ ఆ పాట మా దగ్గరికొస్తే ఏం జరుగుతుందో చెప్తా. చుట్టూ ఆకుపచ్చ గుడ్డ. నటుడి ముందు ఏమీ ఉండదు. కర్రకి టెన్నిస్ బంతి కట్టి ఒక అసిస్టెంట్ దాన్ని ఆయన మొహం దగ్గరికి తెస్తూ ఉంటాడు, "సార్, ఇదే లడ్డూ" అంటాడు. ఆయన గాలిని నములుతాడు. తర్వాత మా కుర్రాళ్ళు ఆ గాలికి లడ్డూ చేసి, దానికి నెయ్యి మెరుపు పెట్టి, రాలే పొడి పెట్టి, ఒక్కో షాటు వారాల తరబడి కూర్చుని చేస్తారు. లడ్డూ బ్రహ్మాండంగా ఉంటుంది. నమిలేది మాత్రం గాలే, అది దవడలో తెలిసిపోతుంది. ఎస్వీఆర్ దవడ చూడండి ఒకసారి, ఆయన నిజంగా తింటున్నాడు, నటిస్తూ తినట్లేదు.

ద్వారక సంగతీ అంతే. 50 అడుగులు ఇంటూ 60 అడుగుల జాగాలో మూడొందల బొమ్మ ఇళ్ళు కట్టి తీశారట. మమ్మల్ని అడిగితే మూడు లక్షల ఇళ్ళు పెడతాం, కెమెరా గద్దలా ఎగురుతుంది, ఆ ఊళ్ళో ఎవరైనా కాపురం ఉంటున్నట్టు అనిపించదు. ఇందులో మా తప్పు కొంతే. "ఇంకా పెద్దగా కావాలి" అనే మాట తప్ప మాకు వేరే సూచన రాదు.

ఇంకొకటి. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడు సావిత్రి ఏం చేస్తుంది? భుజాలు కొంచెం పైకెత్తి, నడకలో బరువు పెంచుతుంది, అంతే. ఇవాళైతే కళ్ళు ఎర్రగా మెరవాలి, వెనకాల నీడ రాక్షసుడిదై ఉండాలి, సౌండ్‌లో గుర్రుమనాలి. ప్రేక్షకుడికి అర్థం కాదేమో అని భయం. 2018లో 'మహానటి'లో ఆ ఘట్టం మళ్ళీ తీసినప్పుడు కీర్తి సురేష్ కూడా గ్రాఫిక్స్ జోలికి పోకుండా ఒంటితోనే చేసింది, అందుకే బాగుంది.

డల్లాస్ బాబాయ్
11:31

మూడు గంటల సినిమా ఇప్పుడెవరు చూస్తారు అనేవాళ్ళకి ముందే ఒక లెక్క చెప్తున్నా. మాయాబజార్ 184 నిమిషాలు. ఆర్ఆర్ఆర్ 182. పుష్ప 2 ఏకంగా 200. ఇక్కడ మంచులో నలభై మైళ్ళు కారేసుకెళ్ళి అర్ధరాత్రి దాకా కూర్చుని చూశాం. కాబట్టి నిడివి కారణం కాదు, వేరే ఏదైనా చెప్పండి.

నేను అడిగేది ఇది. మాయాబజార్‌లో హీరో ఎవరు? పాండవుల పెళ్ళి సంబంధం గొడవ, పాండవులు ఒక్క సీన్‌లో కూడా కనపడరు! అభిమన్యుడు నాగేశ్వరరావు, పెద్ద హీరో, అతని పెళ్ళికి అతను చేసేది దాదాపు ఏమీ లేదు. ఎన్టీఆర్ నవ్వుతూ పక్కన నిలబడి ఉంటాడు. మొత్తం నడిపేది చాలా సేపటికి గానీ రాని ఘటోత్కచుడు. ఇవాళ ఈ కథ ఏ హీరోకి చెప్పినా మొదటి ప్రశ్న "నా ఇంట్రో ఎప్పుడు", రెండోది "ఆ రాక్షసుడి వేషం కూడా నేనే వేస్తే ఎలా ఉంటుంది". రెండు వేషాలూ ఆయనే వేస్తాడు, మొదటి భాగంలో ఘటోత్కచుడి కళ్ళు మాత్రమే చూపించి రెండో భాగం వచ్చే సంక్రాంతికి అంటారు.

'గుండమ్మ కథ'కి గుండమ్మ పేరు పెట్టడమూ అంతే. 1962లో, ఎన్టీఆర్‌కి వందో సినిమా, ఏఎన్నార్‌కి తొంభైతొమ్మిదోది. పేరు మాత్రం సూర్యకాంతం గారి పాత్రది.

అద్దెకొంప
11:44

గుండమ్మ పేరు పెట్టారు సరే బాబాయ్, సరోజని 'దారికి తెచ్చిన' తీరు ఇవాళ తీయగలరా? జమున పాత్ర పొగరుగా ఉంది కాబట్టి మొగుడు డబ్బు లేనట్టు నటించి ఇంట్లోంచి బయటికి తెచ్చి పాఠం నేర్పుతాడు. నాకు ఆ సినిమా ప్రాణం. కానీ ఆ భాగం వచ్చినప్పుడు ప్రతిసారీ లేచి వెళ్ళి నీళ్ళు తాగి వస్తాను.

రీలుపెట్టె
11:50

అప్పట్లో నేలలో కూర్చున్న ఆడవాళ్ళు ఆ సీన్‌కే పెద్దగా నవ్వేవాళ్ళు. ఎందుకు నవ్వేవాళ్ళో నేనెప్పుడూ అడగలేదు.

ఓరుగల్లు పోరడు
ఆదివారం పొద్దున 7:15

రాత్రంతా మాయాబజారేనా అన్నా. 'దేవదాసు' సంగతి ఎవరూ తియ్యరేంది?

1953 సినిమాలో కథ అంతా ఒక ఉత్తరం మీద ఉంది. పార్వతికి మనసు లేదన్నట్టు ఉత్తరం రాస్తడు, పోస్ట్ చేసినంక బాధపడి ఉరికొస్తడు, అప్పటికే చేయి దాటిపోయింది. ఇప్పుడైతే? 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్'. పార్వతి చూసేలోపు తీసేస్తడు. ఆమె "ఏం డిలీట్ చేసినవ్" అని పది మెసేజ్‌లు పెడతది. ఇద్దరూ తెల్లారేదాకా కొట్లాడుకుని కలిసిపోతరు. దేవదాసు తాగడానికి టైమే ఉండదు.

అందుకే ఇప్పటి రైటర్ మొట్టమొదట చేయాల్సిన పని ఫోన్‌ని చంపుడు. 'అర్జున్ రెడ్డి' చూడండి, 2017లో వచ్చిన దేవదాసు అన్నరు కదా దాన్ని. అక్కడ ఫోన్లున్నయి, బండ్లున్నయి, దోస్తులున్నరు, మరి పెళ్ళి ఎట్లా ఆపలేకపోయిండు? మార్ఫిన్ ఎక్కించుకుని రెండు రోజులు స్పృహ లేకుండా పడిపోయిండు. చూసిన్రా, ఆ రెండు రోజులే ఇప్పటి ఉత్తరం. పాత కథలో ఆలస్యం పోస్టాఫీసు చేసేది, ఇప్పుడు హీరో తన ఒంటి మీదికి తెచ్చుకోవాలె. అందుకే ఇప్పటి హీరోలు అంత కోపంగా కనిపిస్తరని నా లెక్క, ఆలస్యం కావాలంటే వాళ్ళే ఏదో ఒకటి పాడు చేసుకోవాలె కదా.

చివరికి పార్వతి గుమ్మం ముందు చచ్చిపోవుడు కూడా ఇప్పుడు నడవలేదు, కలిపేసిన్రు.

భీమిలి గాలి
8:02

ఇది నిజంగా జరిగిన సినిమా ఒకటుంది మాస్టారూ, ఊహించక్కర్లేదు. మా వైజాగ్‌లో తీసిన 'మరో చరిత్ర', 1978, బాలచందర్. కమల్ హాసన్ తమిళబ్బాయి, సరిత తెలుగమ్మాయి, పెద్దవాళ్ళు పెట్టే షరతు ఒక్క ఏడాది కలవకూడదు, మాట్లాడకూడదు, ఉత్తరాలు కూడా రాయకూడదు. ఆ ఏడాదే సినిమా. నలుపూ తెలుపూ, మద్రాసులో తెలుగు సినిమాగానే ఏడాది దాటి ఆడింది.

దాన్నే 2010లో అదే పేరుతో మళ్ళీ తీశారు, వరుణ్ సందేశ్ హీరో, అమెరికా నేపథ్యం. నేను మొదటి రోజు వెళ్ళాను. ఆ షరతు పెట్టే సీన్ రాగానే నా వెనక వరసలో ఒక కుర్రాడు "వేరే సిమ్ తీసుకోరా" అన్నాడు, హాలంతా నవ్వింది. ఇక ఆ నవ్వు తర్వాత మిగతా సినిమా కోలుకోలేదు. తీసినవాళ్ళకి డబ్బు తక్కువై కాదు, చేతకాకా కాదు. 1978లో ఊరికీ ఊరికీ మధ్య దూరం ఉండేది. ఫోన్ చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కూర్చోవాలి, పక్కన పోస్ట్‌మాస్టరు వింటూ ఉంటాడు, ఏం మాట్లాడతారు చెప్పండి?

గ్రీన్‌మ్యాట్
8:20

వేరే సిమ్ తీసుకోరా 😂😂 ఈ ఒక్క మాట మా ఆఫీసులో బోర్డు మీద రాసి పెడతా

నేలటిక్కెట్టు
8:41

ఇప్పుడు నా అసలు అనుమానానికి వద్దాం. మాయాబజార్‌లో ప్రియదర్శిని పేటిక ఉంది కదా. శశిరేఖ మూత తీస్తే అభిమన్యుడు కనపడతాడు, అటునుంచి అతనూ ఇటునుంచి ఈమే 'నీవేనా నను తలచినది' అని పాడుకుంటారు. ఇది సాక్షాత్తూ వీడియో కాల్. అంటే 1957లోనే ఫోన్ ఉన్నట్టే లెక్క, అయినా కథ చెడిపోలేదు. మరి పోరడు అన్న ఫోన్ సిద్ధాంతం ఏమైనట్టు?

అద్దెకొంప
8:58

అన్నా, అది వీడియో కాల్ కాదు, అల్గారిథమ్! ఎవరు మూత తీస్తే వాళ్ళకి ఇష్టమైనది చూపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. రేవతిది అచ్చంగా నా ఫోనే, ఒక్కసారి జుంకాలు చూశానో లేదో నెలరోజులుగా అవే. కృష్ణుడు తెరిస్తే శకుని కనపడతాడు! ఎప్పుడూ మన బుర్రలో తిరిగేవాడినే అది తెచ్చి ఎదురుగా పెడుతుంది, ప్రేమో పగో దానికి అనవసరం.

రీలుపెట్టె
9:10

ఆ సినిమాకి మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు బతికుంటే నీకు వీరతాడు వేయించేవారమ్మా.

ఇంకో మాట, పెద్దవాణ్ణి కాబట్టి చెప్తున్నా. 'లాహిరి లాహిరి'లో పడవ ఎక్కేది కుర్ర జంట ఒక్కటే కాదు. వాళ్ళు దిగిపోతే కృష్ణుడూ రుక్మిణీ ఎక్కుతారు, తర్వాత బలరాముడూ రేవతీ. ఇంట్లో ప్రతివాళ్ళకీ వెన్నెల ఉంది. ఇవాళ ఆ పాట ఏ మంచు దేశంలోనో తీస్తారు, పిల్ల జంట తప్ప ఇంకో మనిషి కనపడడు. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారి వెన్నెల చూసి మా ఊరివాళ్ళు రాత్రి పూట నిజంగా నది మీద తీశారనే అనుకునేవాళ్ళు. 2010లో రంగులు వేసి వదిలినప్పుడు మనవడు తీసుకెళ్ళాడు. రంగులు బాగానే ఉన్నాయి. వెన్నెల మాత్రం నాకు దొరకలేదు, కళ్ళజోడు తుడుచుకుని కూడా చూశాను.

ఓరుగల్లు పోరడు
9:33

మాయాబజార్‌లో ఫోన్ ఉన్నా కథ ఎందుకు చెడలేదంటే, ఆ కథలో గొడవ మాట చేరకపోవుడు కాదన్నా, ఆస్తి. పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నరు, బలరాముడి ఇంట్లో సంబంధం మార్చిన్రు. నిన్న మొన్న మా కాలనీల ఇదే అయింది, అబ్బాయికి వీసా క్యాన్సిల్ అయ్యింది, నిశ్చితార్థం కూడా క్యాన్సిల్. ఆ కథని ఫోన్ ఏం చేస్తది?

సరిగమపదని
10:05

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. 'శంకరాభరణం' ఇవాళ తీస్తే అనే దాని మీద నాకొక దిగులు.

కథకి ఏ ఇబ్బందీ లేదు, పైగా శంకరశాస్త్రి అర్ధరాత్రి వీధిలో గిటార్ పిల్లలకి బుద్ధి చెప్పే సీన్ ముప్పై సెకన్ల ముక్కగా కోసి ఊరంతా పంచుకుంటారు. వేశ్య ఇంట్లో పుట్టిన తులసిని ఇంటికి రానిచ్చాడని శాస్త్రిని ఊరు వెలివేయడం కూడా ఇవాళ్టికి పనికొచ్చే కథే. నా దిగులు టైమ్ గురించి. 1980 ఫిబ్రవరి 2న విడుదలైతే మొదట్లో హాళ్ళు ఖాళీ. హీరో లేడు. జేవీ సోమయాజులు గారంటే డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకునే నాటకాల మనిషి, జనానికి ఆయన మొహం తెలియదు. చూసినవాళ్ళు చెప్పగా చెప్పగా హాళ్ళు నిండాయి, ఆ చెప్పుకోవడానికి రోజులు పట్టింది. ఇవాళ శుక్రవారం ఖాళీ హాలంటే సోమవారానికి షోలు తీసేస్తారు. చూసినవాడు ఇంటికెళ్ళి పక్కింటాయనకి చెప్పి, ఆయన భార్యని ఒప్పించి, ఇద్దరూ రెడీ అయ్యేసరికి హాల్లో వేరే బొమ్మ ఉంటుంది. "ఓటీటీలో వస్తుందిలే" అంటారు. వస్తుంది, కానీ 'శంకరా నాదశరీరాపరా' మధ్యలో కుక్కర్ విజిల్ వస్తే మీరేం చేస్తారు?

డల్లాస్ బాబాయ్
10:19

పాజ్ చేస్తాం మేడమ్ 🙏

సరిగమపదని
10:21

అదే నా దిగులు.

బెజవాడ బాబ్జీ
10:40

కాస్టింగ్ మాట్లాడనులెండి. జంధ్యాల గారి 'అహ నా పెళ్ళంట'. కోట గారు కోడిని దూలానికి వేలాడదీసి దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటారు కదా. అది ఇవాళ కూడా జరుగుతోంది, మా హాస్టల్లో. మెస్‌లో చారన్నం, ఎదురుగా గ్లాసుకి ఫోన్ ఆనించి ఎవడో బకెట్ బిర్యానీ తినే వీడియో. ఒకడు కాదు, టేబుల్ మొత్తం. 1987లో జనం ఆ పిసినారిని చూసి పడీ పడీ నవ్వారు, ఇప్పుడా వీడియో తీసినవాడికి డబ్బులొస్తున్నాయి. లక్ష్మీపతి ఇవాళ ఉంటే కోడి ఖర్చు కూడా మిగిలేది.

నేలటిక్కెట్టు
10:44

బాబ్జీ, నిన్న తిట్టినందుకు సారీ.

అద్దెకొంప
10:46

ఈ థ్రెడ్‌లో ఇదే బెస్ట్, ఒప్పేసుకుంటున్నా

భీమిలి గాలి
11:15

'శివ' గురించి ఎవరూ అనలేదు. సైకిల్ చెయిన్ లాగే సీన్ కోసం ఇవాళ ముందు కాలేజీలో సైకిల్ వెతకాలి. తర్వాత సీసీ కెమెరా. భవానీ మనుషులకి అదొక లెక్కా, కెమెరా పనిచేయట్లేదని చెప్పిస్తారు. కాబట్టి పెద్ద తేడా రాదు.

నేలటిక్కెట్టు
ఆదివారం రాత్రి 10:30

ఇవాళ మా అమ్మ 'గుండమ్మ కథ' అడిగింది. మావాడు ఈసారి లేచిపోలేదు, భోజనం పళ్ళెం తెచ్చుకుని అక్కడే కూర్చున్నాడు. 'లేచింది నిద్ర లేచింది మహిళా లోకం' పాటలో ఎన్టీఆర్ నిక్కరేసుకుని కూర్చుని పప్పు రుబ్బుతుంటే "ఏం చేస్తున్నాడు నాన్నమ్మా" అని అడిగాడు. వాడు పుట్టేసరికే ఇంట్లో గ్రైండర్ ఉంది, రోలు మేడ మీద కరివేపాకు కుండీ కింద ఉంది, అది కుండీ స్టాండ్ అనుకుంటున్నాడట ఇన్నాళ్ళూ. నేను వెంటనే ఇక్కడ రాసుకోవాలనుకున్నా, ఇవాళ తీస్తే అంజి గ్రైండర్ స్విచ్ వేసి పక్కన నిలబడాలి, ఆ మోతలో పాట వినపడదు అని.

మా అమ్మ మాత్రం తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా "అరవై ఏళ్ళుగా చూస్తున్నా, ఒక్కసారి కూడా పొత్రం పక్కన చెయ్యి పెట్టి పప్పు లోపలికి నెట్టడేం ఆయన? అలా రుబ్బితే గారెలు రావు" అంది.